ఒక పన్ను తేడా

నోల్బెర్తో బండి దిగకుండానే మొదలుపెట్టాడు:
"అరవై దాటితే మూలుగు.
ఎనభైకి స్టీరింగు చేతిలో చేపలా కొట్టుకుంటుంది."
ముప్పై రెండేళ్ల పికప్పు.
వెనక తొట్టిలో రెండు గొర్రెలు, గాలి పోయిన టైరొకటి.
కొక్రానె గాలికి తలుపు దానంతటదే పడింది.

నాకు ఎడమ చెవి లేదు.
అంటే ఉంది, పని చెయ్యదు.
అది తెలిసీ జనం నా ముందు నిలబడి
నోటితో శబ్దాలు చేస్తారు:
గుర్రు, కటకట, హుఁ హుఁ.
తలూపుతాను.
ఆ మోతలో బండి తక్కువ, మనిషి భయం ఎక్కువ.

నడుపు, అన్నాను.

నది పక్కన కంకర రోడ్డు. డెబ్బై.
క్లచ్ తొక్కి న్యూట్రల్లో వదిలెయ్.
ఇంజను ఊపిరి తగ్గింది, మూలుగు తగ్గలేదు.
సరే, ఇంజను నిర్దోషి.
కుడికి ఊగించు. ఎడమకి.
బరువు ఏ చక్రం మీద పడ్డా అదే గొణుగుడు.
బేరింగులూ కావు. ఆపు.

దిగి, ముందు చక్రాల హబ్బులు
రెండూ తాళం తిప్పినట్టు తిప్పి వదులు చేశాను.
మళ్లీ డెబ్బై.
ఏమీ లేదు.
ఎంత లేదంటే
వెనక గొర్రె దగ్గింది నాక్కూడా వినపడింది.

"బాగైపోయిందా ఎదువినా?"
అలకగానే పండగవుతుందా నాయనా!
దొంగ ఏ వీధిలో ఉన్నాడో తెలిసింది.
ఇల్లు తెలియొద్దూ?

షెడ్డులో నాలుగు చక్రాలూ గాల్లోకి లేపి
హబ్బులు బిగించి, గేరు వేయించి
పొడుగు స్క్రూడ్రైవర్ పిడిని పళ్ల మధ్య కరిచాను.
మొన ఇనుము మీద.
నా అసలు చెవి దవడ ఎముక.
గేరుబాక్సు పిండిమరలా ఒకే తీరు.
ముందు డిఫరెన్షియల్ ముసలి పిల్లి గురక, పర్లేదు.
ముందు షాఫ్టు బయల్దేరే చోట మాత్రం
చుట్టుకి రెండు అదుర్లు.
చుట్టుకి రెండు. చుట్టుకి రెండు.
కిందటేడు కట్టించుకున్న పన్ను జిల్లుమంది.

ఆపి, కిందకి దూరాను.
ఎర్రటి తుప్పు పొడి కోసం వెతికాను, లేదు.
జాయింటు క్రాసు కొత్తది, బిగువుగా ఉంది,
గ్రీజు తేనెరంగులో శుభ్రంగా ఉంది.
గంటసేపు వీపు కింద చల్లటి సిమెంటు,
చేతిలో ఏ పనికీ రాని పానా.
అప్పుడు కనబడింది.
షాఫ్టుకి ఆ కొసనా ఈ కొసనా
ఒకే వరసలో ఉండాల్సిన రెండు కొమ్ముల్లో
ఒకటి కాస్త మెడ తిప్పుకుని ఉంది.
విప్పి మళ్లీ దూర్చేటప్పుడు
ఒక పన్ను తప్పారు.

"ఇది ఎవరు బిగించారు?"

నోల్బెర్తో గొర్రెల వైపు చూశాడు.
"రొసామెల్. పోయిన మే నెలలో, మంచులో.
టార్చి నేను పట్టుకున్నా.
వేళ్లు కొంకర్లు పోయి వెలుగు పక్కకి జరిగింది.
తిట్టాడు."
ఆగి,
"జూన్లో నది," అన్నాడు.

ఆ పడవ సంగతి ఊరందరికీ తెలుసు.
తమ్ముడే ఈ బండి కింద పడుకున్నాడని
నాకు తెలియదు.

మాతే గిన్నె చప్పుడొచ్చేదాకా పీల్చి పక్కన పెట్టాడు.
"సరి చెయ్యి. సంతకి వెళ్లాలి."
టార్చి అందించాను.
పక్కన బోర్లా పడుకుని పట్టుకున్నాడు.
నేను షాఫ్టు లాగి, ఒక పన్ను తిప్పి, తోసేదాకా
వెలుగు వెంట్రుకవాసి జరగలేదు.

సరైన చోట ఉలితో ఒక గీత పెట్టాను.
పాత చోట కూడా ఒకటి పెట్టమన్నాడు.
ఎందుకని అడగలేదు.
మళ్లీ విప్పే మెకానిక్కెవడో
రెండు గీతలు చూసి నన్ను తిట్టుకుంటాడు,
తిట్టుకోనీ.

నది దాకా ఎనభై మీద పోయి వచ్చాం.
స్టీరింగు కదల్లేదు.
తను కదిలాడు కాస్త, సీట్లో,
చేతుల్లో ఏదో తగ్గినట్టు.
అప్పుడు వెనక నుంచి
సన్నగా, గోరుతో గీకినట్టు, టిక్కు టిక్కు.
ఇన్నాళ్లూ పెద్ద మోత చాటున దాక్కున్నదే.

"విన్నావా?" అన్నాడు, ఆశగా.
విన్నాను.
వచ్చే వారం తీసుకురా, చూద్దాం.