ఆలోచించినంత సేపు

బరంపురం పెద్దాసుపత్రిలో పద్నాలుగో నంబరు గది.
ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు దాచేవారట.
ఇప్పుడు గురువారాల్లో నన్ను దాస్తున్నారు:
అప్లైడ్ సైకాలజీ, ఎమ్మే రెండో ఏడు,
మెళ్ళో ట్రైనీ అని వేలాడే కార్డు.

పరీక్షకి కూర్చోవాలంటే పన్నెండు కేసులు రాయాలి.
పదయ్యాయి.
పదకొండో మనిషి సూరాడ దానయ్య,
గోపాల్‌పూర్ అవతల ఇసక దిబ్బల మీద
నోలియాల పేట నుంచి తొలి బస్సుకి వచ్చాడు.
చొక్కా ఇస్త్రీది.
గోళ్ళ సందుల్లో మాత్రం వలకి పూసిన నీలం.

ఫారం ఇంగ్లీషులో ఉంది, దాని కింద ఒడియాలో ఉంది.
అతనికీ నాకూ మధ్య ఉన్నది
మా అమ్మ రొయ్యలు బేరమాడే తెలుగు.
దాన్ని కాలేజీ గేటు దగ్గర
చెప్పులు విడిచినట్టు విడిచి నాలుగేళ్ళు.

గత రెండు వారాల్లో ఎన్ని రోజులు, అని మొదలెట్టాను.
"వారాలేటమ్మా?
అమాస కాణ్నుంచి నిద్దరట్టడం నేదు.
పోటుకి నెగుస్తాను, పాటుకి నెగుస్తాను."
సున్నా, ఒకటి, రెండు, మూడు.
నా గడుల్లో పోటూ పాటూ పట్టవు.
మూడు చుట్టాను.

ఆరో ప్రశ్న దగ్గర తెలుగు చాల్లేదు.
'వైఫల్యం' అన్నాను.
రేడియోలో ఇంకెవరి తీరానికో
తుఫాను చెబుతున్నట్టు విన్నాడు.
'అపరాధ భావన' అన్నాను.
మర్యాదకి తలూపాడు.
ఆఖరికి అమ్మ మాటే నోటికొచ్చింది:
"ఎవులికైనా బాకీ పడ్డావా మావా?"

చాలాసేపు తలుపు గొళ్ళెం కేసి చూశాడు.

"మా బావమరిది సోమేసు.
వల్లో కాలు సిక్కుకుపోనాది.
కత్తి నా సేతిలోనే ఉంది.
కొత్త వల. నలబై వేలు అప్పు.
కోసీడానికి ముందు..."
ఆగాడు.
ఎంతసేపు, అని అడిగాను. ఎందుకడిగానో!
"ఆలోసించినంత సేపు."

తర్వాత నాలుగు నిమిషాలు
ఇద్దరమూ మాట్లాడలేదు.
కారిడార్లో స్ట్రెచర్ చక్రమొకటి కీచుమంటూ పోయింది,
అటే తిరిగొచ్చింది.
నిజం చెప్పాలిగా,
ఇది మంచి కేసు అనుకున్నాను.
పదకొండోది, ఇంకొక్కటి చాలు, అనుకున్నాను.
కత్తి నా చేతిలోనే ఉంది.

రికార్డులో రాశాను: మౌనం, నాలుగు నిమిషాలు.
పాణిగ్రాహి మేడమ్ ఎర్ర సిరాతో పక్కన అడిగింది:
అప్పుడు నువ్వెక్కడున్నావు?
చెప్పాను.
ఒడియాలో మొదలెట్టి, ఇంగ్లీషులోకి పారిపోయి,
ఆమెకి సగమే అర్థమయ్యే తెలుగులో దొరికిపోయాను.
మేడమ్ టీ తెప్పించింది.
"తిట్టించుకోవాలనుంటే వేరే డిపార్టుమెంటుకి వెళ్ళు,
ఇక్కడైతే వచ్చే గురువారం వెళ్ళి కూర్చో" అంది.

వచ్చే గురువారం సముద్రం బాగోలేదు.
రేవులో ఎర్ర జెండా.
రాడేమో అనుకున్నాను, వచ్చాడు.
తడిసిన గొడుగు మూలకి ఆనించి,
బల్ల మీద ఫారం లేకపోవడం చూశాడు.

"నా సంగతి రాసీసినావా?"
"మిగతాది రాయలేదు."
"మరేటి సేత్తావు?"
"కూచుంటాను."
"దానికి జీతమిత్తారా?"
"ఇంకా లేదు."

నవ్వలేదు. గెడ్డం గోక్కున్నాడు.
వల ఇంకా చూరుకే వేలాడుతోందని చెప్పాడు,
ఎలకలు కొడుతున్నాయని,
చెల్లెలు ఆ దారిన రావడం మానేసిందని.
సోమేసుకి ఉల్లిపాయ లేకుండా చద్దన్నం దిగదని చెబుతూ చెబుతూ
మాట మధ్యలో తల గోడకి వాలింది.
నోరు కాస్త తెరుచుకుంది.
నిద్ర.

పాత ఫ్యాను, రెగ్యులేటరుకి మీట లేదు.
పెన్ను మూత దూర్చి
చప్పుడు కాకుండా రెండుకి తిప్పాను.
తలుపు తోసిన గార్డుతో
వేళ్ళతోనే చెప్పాను,
ఇంకో పావుగంట.