నూనెవాడి మనుషులు

కూర్చోండి. ఆ చెప్పులు గుమ్మం బయటే వదలండి,
ఓరొంతెస్ ఒడ్డు బురదంతా నా చాప మీదికి తేకండి.
అడిగావు కదా నికాన్, నిన్న బజారులో ఎవడో నిన్ను
"క్రైస్తవుడా!" అని కేకేసి ఉమ్మితే
ఆ మాటకి అర్థమేమిటని.
అర్థం సంగతి తర్వాత. ఆ మాట విసిరినవాళ్ళలో
నేనూ ఒకదాన్ని. ముందు అది వినండి.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు.
మోస్ఖియోన్ స్నానశాలలో నూనె బుడ్ల కాపలా.
ఒంటికి నూనె పట్టించి, ఇనుప బద్దతో
మురికి గీకించుకునే పెద్దమనుషుల వీపులే
నాకు తెలిసిన లోకం.
మా అంతియొకయకి పేర్లు పెట్టే పిచ్చి.
అధిపతికి ఒక పేరు, ఆయన గుర్రానికి ఇంకోటి.
ఎవడి పంచన బతికితే వాడి పేరుకి తోక తగిలించి
ఫలానావాడి మనిషి అనేవాళ్ళం,
పశువుకి వాత పెట్టినట్టు.

వీళ్ళేమో పొద్దస్తమానం ఖ్రిస్తోస్, ఖ్రిస్తోస్.
మా భాషలో ఆ మాటకి నూనె పూసినవాడని.
ఇంక మాకు నవ్వాగితేనా!
"ఎవరి నూనె? మా కొట్టుదేనా? బుడ్డి ఎంత పడింది?"
తోలు కోసే జబ్దా వీధి మలుపులో కనబడితే చాలు,
"నూనెవాడి మనిషి వస్తున్నాడు, జారిపడతారు జాగ్రత్త!"
అతను ఒక్కసారీ రాయి ఎత్తలేదు.
చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఒక రాత్రి వాళ్ళ వెనకే వెళ్ళి కిటికీలోంచి చూశాను,
మర్నాడు అందరికీ చెప్పి నవ్వించడానికి.
ఒకే పళ్ళెం.
యూదుడూ గ్రీకువాడూ ఒకే రొట్టె తుంచుతున్నారు.
ధాన్యం వర్తకుడి పక్కన అతని బానిసే కూర్చున్నాడు.
బానిస ముద్ద అందుకునేదాకా
వర్తకుడు చెయ్యి చాపలేదు.
అంతే. మెరుపుల్లేవు, ఉరుముల్లేవు.
ఏం చెప్పి నవ్వించాలో నాకు తోచలేదు.

ఆపై ఎండాకాలం జ్వరాలు.
నీళ్ళ పొయ్యిలోకి కట్టెలు ఎగదోసే ముసలి షిలా
బూడిదలో ఒరిగిపోయాడు.
యజమాని కాలితో కదిపి చూసి
"బయట పడెయ్యండి" అన్నాడు.
మేం పడేశాం.
మేం అన్నాను, విన్నారా? కాళ్ళు పట్టుకున్నది నేనే.

జబ్దా భార్య మర్తానా కుండతో నీళ్ళు తెచ్చి
ఆ ముసలాడి తల ఒళ్ళో పెట్టుకుంది.
"నీకేమవుతాడు?" అన్నాను.
"ఏమీ కాడు."
"మరెందుకు?"
తడిగుడ్డ పిండుతూ, తలెత్తకుండానే అంది:
"పేరు మీరే పెట్టారుగా తల్లీ.
దాన్ని అబద్ధం చెయ్యకూడదని."

షిలా బతకలేదు.
బతికాడని చెబితే మీకు బాగుండేది.

ఆ రాత్రి చేతులు ఎంత తోమినా జిడ్డు వదల్లేదు.
నూనె సంగతి నన్నడగండి.
గుడ్డ మీద చుక్క పడితే పడ్డచోట ఉండదు,
చప్పుడు లేకుండా మడతలోంచి మడతలోకి పాకుతుంది.
నెల తిరక్కముందే నేను ఆ కిటికీకి
ఇవతలివైపు కూర్చుని ఉన్నాను.

నలభై ఏళ్ళయింది. ఆ పేరు నాకింకా వదులే.
మొన్నటికి మొన్న కొలతపాత్రలో బొటనవేలు ముంచి
ఒకావిడకి నూనె తక్కువ పోశాను.
నిద్రపట్టక, దీపం పట్టుకుని పోయి
ఆ వేలెడు నూనె ఇచ్చొచ్చాను.
పిచ్చిదాన్ననుకుంది. అనుకోనీ.
మీకూ ఇది అమ్మ మెళ్ళో గొలుసులా
ఊరికే చేతికొస్తుందనుకోకండి.
ఎవరి నూనె వాళ్ళే ఒలకబోసుకోవాలి.

సరే, చీకటి పడుతోంది, లేవండి.
నికాన్, రేపు మళ్ళీ ఎవడైనా కేకేస్తే
తల దించుకోకు, పిడికిలీ బిగించకు.
వెనక్కి తిరుగు. వాడి మొహం చూడు.
ఇవాళ తిన్నాడో లేదో చూడు.
పేరున్నది పిలవడానికే కదరా.
పిలిస్తే పలకాలి.