నాలుగు వేళ్ళ లోతు

ఫోటోలకి డబ్బు కట్టించుకుని రసీదిచ్చారు:
లోపల తియ్యొద్దు, సమాధుల వైపు తిప్పొద్దు.
సరే, నాకు బయటి గోడ చాలు.

న్యూమెక్సికో ఎండకి
మట్టిలో గడ్డిపరకలు మెరుస్తున్నాయి.
మోచేతుల దాకా బురదతో ఎర్లిండా
చర్చిని అరచేత్తో...
అలుకుతోందా, మెత్తుతోందా?
మాట తేలక కెమెరా దించేశాను.

పదకొండేళ్ళ నాటి నా ఫోటో చూపించా:
ఇదే గోడ, ఇదే గంట.
"ఆ గోడా?
ఏటా ఒక పూత.
వాన తిన్నది పోగా
నాలుగు వేళ్ళ లోతున ఉంటుంది, వెతుక్కో."

తడి వేలు గంట మీదుగా మరక గీస్తూ
ఫోటో మూలకి పోయి ఆగింది.

"ఇదిగో, నా నిచ్చెన!
బెనీటో పట్టుకుపోయాడు,
ఇంతవరకూ తిరిగివ్వలేదు."