కంత లేని ఫోను

ఏసుబాబు కొట్టులో కొక్కేనికి
ఇంకా వేలాడుతున్నాయి
ఎర్రవి, నల్లవి, ఎండకి పసుపెక్కిన తెల్లవి.
బేరమాడితే అరవై, ఆడకపోతే ఎనభై.
"ఇది పెట్టడానికి నీ ఫోనుకి కంతే లేదు కదక్కా"
అన్నాడు, నా కొత్త ఫోను అటూ ఇటూ తిప్పి,
పిల్లకింకా చెవులు కుట్టించలేదేమని
పేరంటంలో ఎవరో అడిగినట్టు.

అంతకుముందు ఏడాదికి రెండుసార్లైనా
నా తీగ వాడి బల్ల ఎక్కేది.
మెడ దగ్గరే తెగేది. ఎప్పుడూ మెడ దగ్గరే.
గోరుతో పైతోలు గీకి,
వెంట్రుకంత రాగిని వెంట్రుకంత రాగికి మెలేసి
సీసం చుక్క పెట్టేవాడు.
కాస్త కమురు వాసన.
"ఓసారి వినక్కా."
వినపడేది. పది రూపాయలు.

రుస్తుంబాదలో మా అరుగు మీద
మధ్యాహ్నం రెండయ్యేసరికి
నేనూ సువార్తా కూర్చుంటాం.
ఒళ్ళో లేసు, లేసు కింద ఫోను.
సువార్తకి ఎడమ చెవి లేదు.
అంటే ఉంది, బుట్ట పెట్టుకోడానికి.
చిన్నప్పుడొచ్చిన జ్వరం పోతూ పోతూ
దాని వినికిడి పట్టుకుపోయింది.
అందుకని కుడి కొస తనది, ఎడమ కొస నాది.
"నీకు తబలా వచ్చిందా?"
"వచ్చింది. నీకో?"
"వేణువు."
ఇద్దరం చెప్పుకుంటే గాని
ఒక పాట పూర్తయ్యేది కాదు.

రెండు కొసల మధ్య జానెడున్నర.
తను దగ్గితే నా చెవి లాగేది.
దారపుండ దొర్లిపోతే
నాతో పాటు తనూ వంగేది.
ఓసారి కబుర్లలో పడి
తీగని కూడా లేసులోకి అల్లేశాను, నాలుగు వరసలు.
ఏజెంటు ముసలయ్యగారు కళ్ళజోడు సర్దుకుని
"ఇదేం డిజైనమ్మా" అన్నారు.
ఊడదీయడానికి ఓ పూట పట్టింది,
నవ్వాపుకోడానికి ఇంకో పూట.

ఇప్పుడివి. చీటీ డబ్బుల్లో మిగిలినవి పెట్టి కొన్నాను.
కుంకుమ భరిణె లాంటి డబ్బాలో
రెండు వెల్లుల్లి రెబ్బలు.
చెవిపోటొస్తే మా అమ్మ కాచి పెట్టేది, అలాంటివే.
పెట్టుకోగానే లోపల ఓ దొరసాని
"కనెక్టెడ్" అంటుంది.
మా ముత్తవ్వకి లేసు నేర్పిందీ దొరసానేనంట.
ఆవిడ చేతికి దారమిచ్చింది.
ఈవిడ తీసేసుకుంది.

బాగానే ఉంది, అబద్ధమెందుకు.
చిక్కు తీసే పని లేదు.
సువార్త చెవిలో పాటతోనే లేచి వెళ్ళి
పెరట్లో బట్టలు తీసుకొస్తుంది,
అన్నం వార్చి వస్తుంది.
నేను మాట్లాడుతూనే ఉంటాను
పక్కన ఖాళీ చాపతో.

మొన్న బుధవారం
దారం కొనడానికని వీధి దాటుతోంది.
వెనక్కొస్తోంది రొయ్యల వ్యాను,
ఐసు నీళ్ళు కారుకుంటూ.
"సువార్తా!"
వినే చెవి ఒక్కటే. అందులో పాట.
"ఒసే సువార్తా!"
డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు.
తను చూడనుకూడా లేదు,
తల ఊపుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది.
నా గొంతు మాత్రం సాయంత్రం దాకా రాలేదు.

అప్పుడు తట్టింది,
తీగ ఉన్నన్నాళ్ళూ
నేను తనని పిలిచిందే లేదని.
లాగేదాన్ని.
ఏజెంటొస్తున్నాడంటే ఒక లాగు,
వానొస్తోందంటే రెండు.

ఆ రాత్రి కరెంటు పోయాక
వేలి గుర్తు మీదే అల్లాను.
నూట నలభై చెయిన్లు, మళ్ళీ వెనక్కి ఇంకో వరస,
రెండు కొసలా చిన్న గూడు,
రెబ్బ ఊడిపోకుండా.
కొలవలేదు. చెయ్యే ఆగింది
జానెడున్నర దగ్గర.

పొద్దున్న సువార్త దాన్ని అటూ ఇటూ చూసింది.
వెలుగుకి పెట్టి చూసింది.
"ఇందులోంచి పాటొస్తదా?"
"రాదు."
"మరెందుకే ఇది?"

నేను లాగాను.
ఇటు తిరిగింది.