మర్రా సానియా

సొహార్‌ల మా క్యాంపు గేటు కాడి మిషిను
ఒక్కటే మాట నేర్చుకున్నది: మర్రా సానియా.
ఇంకోసారి, అని.
సిమెంటు తిన్న బొటనవేలును
అది మనిషిదనుకోదు.

అందుకని ఓదెలు రాత్రిపూట వేలికి కొబ్బరినూనె రాసి
ప్లాస్టిక్ కవరు చుట్టుకొని పంటడు.
బక్కయ్య ఎడమచేతి చిటికెనవేలు రాయించుకున్నడు,
పని తక్కువ చేసిన వేలు గదా, గీతలు మిగిలినయ్.
నేపాలీ పిల్లగాడొకడు వేలును నుదుటికి రుద్ది
చెమట తడితోని పెడ్తడు, దండం పెట్టినట్టు.
బస్సు నాలుగుంబావుకు. లైను మూడున్నరకే.
ఎవ్వలూ మిషిన్ని తిట్టరు.
ఎండను తిడ్తమా?

నేను టైంకీపర్ని.
నా తాన ఉన్నది ఇంకో సాఫ్ట్‌వేర్, సెలవులది.
పేరు పొడుగైతె తెంపుతది.
గుర్రాల లచ్చింపతి అండ్ల గుర్రాల లచ్.
గట్ల పిలిచినా పలుకుతడిప్పుడు.

సావుకు సెలవు కావాల్నంటె అడుగుతది: ఎవరు?
నాలుగే గడులు.
తండ్రి. తల్లి. భార్య. బిడ్డ.
పెద్దబాపు లేడు అండ్ల, మేనత్త లేదు,
ఒక్క కంచంల తిన్న దోస్తు లేడు.
ఇంకో గడి పెట్టుండ్రి అని మస్కట్‌కు రాసిన.
వచ్చే వర్షన్ల, అన్నరు. మూడేండ్లాయె.

ఇగ ఎవరు పోయినా తండ్రి పోయినట్టే నొక్కుడు.
బక్కయ్య నాయిన రెండుసార్లు సచ్చి
మొన్న శుక్రవారం ఫోన్ల అడిగిండు,
వచ్చేటప్పుడు మంచి దుప్పటి తెస్తవారా అని.
నవ్వినం. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వినం.

ఓదెలును సాకింది పెద్దమ్మ.
ఆమె పోయిన్నాడు "తల్లి" మీద నొక్కింది నేనే.
అబద్ధమనిపియ్యలే.

రెండేండ్లకు, కన్నతల్లి.
తెల్లారకముందే నా తలుపు కొట్టిండు.
నొక్కిన.
ఎర్రక్షరాలొచ్చినయ్:
ఈమె ఇదివరకే మరణించినారు.
మళ్ల నొక్కిన.
ఇంకోసారి అని గూడ అనలేదది.

ఓదెలు తెర దిక్కు చూడలే.
మూలకున్న వాటర్ కూలరు దిక్కు చూసుకుంట
"అన్నా, ఇంకేం మిగిలినయ్?" అన్నడు.

భార్య. బిడ్డ.

పెండ్లి గాలే వానికి.
భార్య అని నొక్కిన.
పచ్చగ వెలిగింది. పది దినాలు.
మీ ఇల్లాలి ఆత్మకు శాంతి కలగాలని
ఆఫీసుకెల్లి మెసేజ్ గూడ వచ్చింది వానికి.
జేబుల పెట్టుకున్నడు ఫోను. ఏమనలే.

పదకొండోనాడు గుండుతోని దిగిండు.
నూనె రాయలే, కవరు చుట్టలే, మర్శిపోయినట్టున్నడు.
లైన్ల నిలవడి వేలు పెట్టిండు.
పది దినాలు సిమెంటు ముట్టని వేలు.
ఒక్కపారికే గుర్తుపట్టింది మిషిను.

వాడు వేలు తీయలే.
ఎనుకనుంచి తోస్తున్నా కదలకుండ
అట్లనే నిలవడ్డడు,
ఇంకోసారి అంటదేమోనని.