మెట్ల కింద

మా మేడ మెట్ల కింద
మీటరు బోర్డు పక్కన అరచాప జాగా.
చెక్క మీద సుద్దతో ఫిలోమినమ్మ రాసింది:
"కావాలంటే పట్టుకెళ్ళండి. అడగక్కర్లేదు."
వానజల్లు కొట్టి 'అడగ' చెరిగిపోయింది,
'క్కర్లేదు' మిగిలింది.
అదీ నిజమే కదా అని ఎవరూ దిద్దలేదు.

జ్ఞానాపురంలో గడియారం ఎందుకు,
రేవు మీంచి వచ్చే బొగ్గుపొడి చాలు.
వస్తువు మీద వేలితో గీస్తే తెలుస్తుంది
ఎన్ని రాత్రులుగా అది ఎవరికీ అక్కర్లేదో.
వెయిటు పోయిన కుక్కరు, ఒక్క రాత్రి.
రెండు మెట్లు మూగబోయిన హార్మోనియం, పదకొండు.
చంటిపిల్లాడి వాకరు మీద పొడే పడలేదు,
పెట్టిన చెయ్యి వెనక్కి రాకముందే
ఎవరిదో చెయ్యి ముందుకొచ్చింది.
ఒకసారి ఎవరో చిరిగిన పరుపు పడేశారు.
ఇవ్వడానికీ వదిలించుకోవడానికీ తేడా
దాని వాసనే చెప్పేసింది.

నేను పోర్టులో కాటా గుమాస్తాని.
ముప్పయ్యొక్క ఏళ్ళు లారీలు తూచాను:
నిండుగా ఎంత, ఖాళీగా ఎంత,
తీసివేస్తే సరుకెంత.
రిటైరయ్యాక ఊరుకోలేక ఇక్కడా ఒక పుస్తకం పెట్టాను.
తేదీ, వస్తువు, ఇచ్చినవారు, తీసుకున్నవారు,
స్కేలు పెట్టి నాలుగు గళ్ళు గీశాను.
వారం రోజులు మెట్ల కింద ఏదీ కదల్లేదు.
ఇస్త్రీపెట్టె మీద మనసున్న కొండమ్మ
దాని చుట్టూ మూడుసార్లు తుడిచి వెళ్ళిపోయింది.
ఎనిమిదోనాడు ఫిలోమినమ్మ
కేజీహెచ్‌లో నైటు డ్యూటీ దిగి వచ్చి
"ఏటండీ గుమస్తాగారూ,
తీసుకున్నోల పేర్లు పుస్తకంలోకెక్కిస్తే
అది ఇవ్వడమేటి? అప్పు గాదేటి?"
అంటూ నాలుగో గడి అడ్డంగా కొట్టేసింది.
ఆ పెన్నుతోనే మూడోదీ.
సాయంత్రానికి ఇస్త్రీపెట్టె లేదు.

అప్పట్నుంచి చూడనట్టు చూడ్డం నేర్చుకున్నాను.
మా వంటింటి పాత పరదా
పైడిరాజు ఆటోలో సీటుకవరై తిరుగుతోంటే
ఎక్కి దాని మీదే కూర్చున్నాను,
దిగి చార్జీ ఇచ్చాను, నోరెత్తలేదు.

నడక స్టాండు సంగతి వేరు.
నాలుగు కాళ్ళ అల్యూమినియం స్టాండు,
మొదట ఎవరు పెట్టారో తెలీదు.
రెండో అంతస్తు ఇన్నాసయ్య తుంటి విరిగినప్పుడు పైకెక్కింది,
పిడికి ఎర్ర రుమాలు చుట్టుకుని దిగింది.
రైల్వే గేటు అవతలికి వెళ్ళింది,
ఒక కాలికి కొత్త రబ్బరు తొడుక్కుని వచ్చింది.
సరోజినిగారింట్లో ఎనిమిది నెలలుంది,
తిరిగొచ్చిన రోజు దానికి సాంబ్రాణి వాసన.
తిరిగొచ్చిందంటే రెండే అర్థాలు.
మనిషి లేచి నడిచారు, లేదా.
ఎవరూ అడగలేదు.
బొగ్గుపొడి మాత్రం
ఎప్పుడూ ఒకేలా పడింది.

మొన్న తెల్లారి పాలపేకెట్టు కోసం తలుపు తీస్తే
నుంచుని ఉంది అది.
మెట్ల కింద కాదు,
మూడో అంతస్తులో, నా గుమ్మం ముందు.
వేలితో గీసి చూశాను. పొడి లేదు.
రాత్రే ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచారు.
నాలుగు కాళ్ళకీ కొత్త రబ్బర్లు.
ఎర్ర రుమాలు ఉతికి మళ్ళీ కట్టారు.

నాకేమైంది, బాగానే ఉన్నాను కదా.
రెయిలింగు పట్టుకుని దిగడం,
మలుపు దగ్గర ఆగి ఫోను చూస్తున్నట్టు నటించడం
ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను.
ఈ మేడలో నాకంటే బాగా తూచేవాళ్ళున్నారు.

కోపమొచ్చింది.
కింద పెట్టేసి వద్దామని ఎత్తాను.
ఉత్త గొట్టాలు, మూడు కిలోలుండదు.
నాలుగు మెట్లు దిగేసరికి
నేను దాన్ని దింపుతున్నానో
అది నన్ను దింపుతోందో లెక్క తప్పింది.

మలుపులో కొండమ్మ.
చీపురు గోడకి ఆనించి
అటు తిరిగి నిలబడింది,
నేను దాంతో సహా
వెనక్కి ఎక్కి తలుపేసుకునేదాకా.