లీటర్ల గడిలో

రాత్రి రెండూ నలభై.
మొంతెవిదేయోలో వాన లేదు. గాలి మాత్రం
ఏటి మీంచి వచ్చి కిటికీ రెక్కని లెక్కపెట్టి కొడుతోంది.
క్యూలో నాలుగువేల మూడొందల పన్నెండు సందేశాలు.
తీసుకునేవాళ్లు: సున్నా.

పాల సహకార సంఘానికి ఇది నిద్రపోయే వేళ కాదు.
సరాందీ యార్డులో ట్యాంకర్లు
ముక్కులు రోడ్డుకేసి పెట్టుకుని,
ఏ దొడ్డిలో ఎన్ని లీటర్లో చెప్పే చీటీ కోసం
ఇంజన్లు ఆపకుండా నిలబడ్డ వేళ.
డ్రైవర్ ఎదీసొన్ ఫోన్ చేశాడు:
"నేలిదా, మీ సర్వర్ సంగతి నాకు తెలీదు.
ఆవులకి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆగమని."

లాగ్ తెరిచాను.
ఒకే వాక్యం, పదిహేను సెకన్లకోసారి, జపంలా:
మెసేజింగ్ ఇంజన్ మొదలవుతోంది.
మొదలవుతోంది.
మొదలవుతోంది.
మొదలైన పాపాన మాత్రం పోలేదు.

రీస్టార్ట్ చేశాను, మాకు తెలిసిన మొదటి మొక్కు అదే.
మళ్లీ చేశాను.
వాల్దెమార్ సొరబుర్రలో మాతె ఆకు మీద
వేణ్ణీళ్లు వంచుతూ, తల ఎత్తకుండా,
"తలుపు బాదడం ఆపి
లోపల ఎవరున్నారో చూడు" అన్నాడు.

చూశాం.
డేటాబేస్‌లో ఒక చిన్న పట్టిక. ఒకే వరుస.
ఈ ఇంటి యజమాని ఎవరు?
అక్కడున్నది మా ఇంజన్ పేరు కాదు.
సాయంత్రం నెట్‌వర్క్ తెగినప్పుడు
పోయిందనుకున్న పాతదాని పేరు.
అది పోలేదు. రెండో మెషీన్ మీద,
ఉలుకూ పలుకూ లేకుండా,
తాళంచెవి పిడికిట్లో బిగించుకుని
అలాగే కూర్చునుంది.
కొత్తది గడప బయట, మర్యాదగా,
ఏడు గంటలుగా.

ప్రాసెస్ నంబర్ కొట్టాను.
ఎంటర్ మీద వేలు ఒక్క క్షణం ఆగింది.
ఈ పనిని మేం చంపడం అనే అంటాం,
ఇంకో మాట ఎవరూ వెతకలేదు.
పిడికిలి విడింది.

అప్పుడు,
దూడని వదిలితే ఆవు చేపినట్టు,
ముందు ఒక బొట్టు, ఒక సందేహం,
ఆ తర్వాత ధారలు ధారలు.
నాలుగువేలు రెండువేలైంది, తొమ్మిదొందలైంది.
ఎదీసొన్ ఫోన్ పెట్టేయడం మర్చిపోయాడేమో
గేర్లు పడుతున్న చప్పుడు
నా చెవిలోనే బయల్దేరింది.

మూడు. రెండు. ఒకటి.
ఒకటి.
ఒకటి.

ఆ ఒక్కటీ వెళ్తుంది, తిరిగొస్తుంది.
అయిదుసార్లు గుమ్మందాకా పోయి
అయిదుసార్లూ గెంటించుకుని
దిక్కులేని సందేశాల అరలో పడింది.
విషపు సందేశం అంటారు ఇలాంటిదాన్ని.
ముట్టుకున్న ప్రోగ్రామల్లా కూలిపోతుంది కనక.

విప్పి చదివాను.
దొడ్డి: లా పెర్దీస్.
పంపినది: ఎర్మెలిందా ఒలస్కోఅగా.
లీటర్లు అన్న గడిలో, అంకె ఉండాల్సిన చోట:
"నిన్న సంతలో పదకొండింటినీ అమ్మేశాను.
ఇక బండి పంపకండి.
గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టే అబ్బాయికి
మోకాలు నొప్పి తగ్గిందో లేదో కనుక్కోండి."

"సున్నా పెట్టి మళ్లీ పంపు, పోతుంది"
అన్నాడు వాల్దెమార్. నిజమే.
సున్నా పెట్టాను. పోయింది.
ప్రోగ్రాం దాన్ని నమిలినట్టయినా లేదు.
క్యూ ఖాళీ. తెరంతా పచ్చరంగు.
రిపోర్టులో రాయాల్సిన కారణం: అంకె బదులు అక్షరాలు.

ఎదీసొన్ చీటీలో ఏడో మజిలీ లా పెర్దీస్.
ఫోన్ చేశాను.
"ఏడోది కొట్టేయ్" అన్నాను.
ఎందుకన్నాడు.
చదివి వినిపించాను, మోకాలు దాకా.

చాలాసేపు ఇంజన్ ఒక్కటే మాట్లాడింది.
తర్వాత వేగం తగ్గిన చప్పుడు.

"పదకొండా?" అన్నాడు.
"పన్నెండు ఉండాలే."